బాపు చేతి మీద కంతి: ముక్క పరీక్షలో "ఇది కావచ్చు, అది కావచ్చు" అని రాశారు

గుర్రంపోడు బత్తాయి తోట:
అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు దగ్గర ఒక ఊరు. మా బాపుకి 63 ఏళ్లు, ఆరెకరాల బత్తాయి తోట, తెల్లారితే తోటలోనే ఉంటాడు. కుడి చేతి మీద, మణికట్టుకు నాలుగు వేళ్ల పైన, రెండు నెలల కింద చిన్న పొక్కు లేచింది. బత్తాయి ముల్లు గుచ్చుకుని ఉంటుందిలే అని బాపు పట్టించుకోలేదు. ఆరు వారాలు తిరిగేసరికి రేగుపండంత అయింది. చుట్టూ చర్మం ఎర్రగా గుండ్రంగా ఉబ్బి ఉంది, నడుమ గుంతలో తెల్లగా గట్టిగా కొమ్ము మొన లాంటిది ఉంది. గోరుతో గీకితే పెళుసుగా ఊడుతుంది, వారానికి మళ్లీ వస్తుంది. నొప్పి పెద్దగా లేదు.

నల్లగొండలో చూపిస్తే పైపైన చెక్కి ముక్క పరీక్షకు పంపారు. రిపోర్ట్‌లో ఉన్నది నాకు అర్థమైనంత వరకు ఇది: పొలుసు కణాలు బాగా పెరిగాయి, ముక్క పైభాగమే ఉంది, అడుగు కనపడటం లేదు, కెరటోఅకాంథోమా కావచ్చు లేదా స్క్వామస్ సెల్ కార్సినోమా కావచ్చు, లోతుగా ముక్క తీసి పంపండి.

మొదటిది దానంతటదే మానిపోయే గడ్డ అంటున్నారు, రెండోది క్యాన్సర్ అంటున్నారు. మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాక కూడా ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం ఏంటి? ల్యాబ్ వాళ్లకు చేతకాలేదు, ఇంకో చోట ఇవ్వు అని మా చిన్నాయిన అంటున్నాడు. అమ్మ రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

దేవరకొండ వాసి:
అన్నా, ముందు టెన్షన్ పడకు. ఒక్క మాట అడుగుతాను, మన దగ్గర బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది కదా, దాని వల్ల ఇట్లాంటివి వస్తాయా?

పాలమూరు పాథాలజిస్ట్:
ముందు ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్తాను. ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను దెబ్బ తీస్తుంది. నల్లగొండలో ఒంగిపోయిన నడుములు మనందరం చూసినవే. చర్మ క్యాన్సర్‌తో సంబంధం ఉన్నది ఆర్సెనిక్‌కు, అది ఎక్కువగా పశ్చిమ బెంగాల్, బీహార్ వైపు భూగర్భ జలాల్లో ఉంటుంది. రెండూ నీళ్లలోనే వస్తాయి కాబట్టి చాలామంది కలిపేసి మాట్లాడతారు.

ఇప్పుడు బాపు సంగతి. తమ్ముడూ, నేను పాథాలజీలో 14 ఏళ్లుగా ఉన్నాను, రోజూ స్లైడ్లు చూడటమే నా పని. మీకు వచ్చిన రిపోర్ట్ చేతకాక రాసింది కాదు. ఆ ముక్క నా బల్ల మీదికి వచ్చినా నేను అదే రాసేదాన్ని.

ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికగా చదవండి. చర్మపు గడ్డ స్లైడ్ వస్తే నేను మొదట 4 రెట్ల లెన్స్‌తోనే చూస్తాను. కణం లోపల ఏముందో అప్పుడే పట్టించుకోను. మొత్తం గడ్డ ఆకారం ఎట్లా ఉంది, పక్కన మంచి చర్మంతో ఎక్కడ కలుస్తోంది, అడుగున గీత తిన్నగా ఉందా, చీలికలు పేలికలుగా కిందికి దిగిందా, ఇవి చూస్తాను. కెరటోఅకాంథోమా అయితే గిన్నె ఆకారంలో ఉంటుంది. రెండు వైపులా మంచి చర్మం పెదవిలాగా పైకి లేచి గిన్నె అంచు కడుతుంది, నడుమ గిన్నె నిండా కెరటిన్, అంటే గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే గట్టి పదార్థం, దట్టించి ఉంటుంది. మీ బాపు చేతి మీద కనపడే కొమ్ము మొన అదే. గిన్నె అడుగు కింది పొరను నెట్టినట్టు ఉంటుంది కానీ చీల్చుకుని పోదు, మామూలుగా చెమట గ్రంథులు ఉండే మట్టం దాటదు. కణాలు పెద్దగా, లేత గులాబీ రంగులో, గాజు వెనక నుంచి చూసినట్టు కనిపిస్తాయి.

స్క్వామస్ సెల్ కార్సినోమాలో కూడా కెరటిన్ ఉంటుంది. బాగా పరిణతి చెందిన రకంలో అయితే కణాలు ఇంచుమించు మంచి కణాల్లాగే ఉంటాయి, అసలు చిక్కంతా అక్కడే. తేడా అంతా అడుగున తెలుస్తుంది. కణాలు వేళ్లలాగా, ఒక్కోసారి ఒంటరిగా విడిపోయి, కింది పొరలోకి దూరతాయి. నరం చుట్టూ చేరతాయి. కణ విభజన జరగకూడని లోతులో, వంకర టింకరగా జరుగుతుంటుంది. ఇప్పుడు చూడండి, మీరు పంపింది గిన్నెలో పైన ఉన్న కెరటిన్, దాని కింద కొంచెం పొర. రెండు జబ్బుల్లోనూ పైభాగం ఒకే తీరుగా ఉంటుంది. అంచు లేదు, అడుగు లేదు. బావి గట్టు మీద రాయి తెచ్చి చూపించి లోపల నీళ్లెంత లోతున ఉన్నాయో చెప్పమంటే ఎవరైనా ఏం చెప్తారు?

ఇంకొక మాట. ఆరు వారాల్లో ఇంత పెరగడం కెరటోఅకాంథోమాకు సరిపోయే కథ. కానీ కథ సరిపోయింది కదా అని వదిలేయొద్దు. మా వాళ్లలో చాలామంది దీన్ని క్యాన్సర్‌లో ఒక రకంగానే లెక్కేసి, పూర్తిగా తీసేయమనే సలహా ఇస్తారు. దానంతటదే పోతుందని ఎదురుచూస్తే, పోయేదో పాకేదో తెలిసేసరికి ఆలస్యం అవుతుంది. మొత్తం గడ్డను చుట్టూ కొంచెం మంచి చర్మంతో, అడుగు కొవ్వు వరకు కోసి, ఒక్క ముక్కగా పంపించమనండి.

గుర్రంపోడు బత్తాయి తోట:
మేడం, చాలా థాంక్స్. రిపోర్ట్ చూసినప్పటి నుంచి ఆ ల్యాబ్ మీద కోపంగా ఉన్నాను, మీరు చెప్పాక అర్థమైంది. ముల్లు గుచ్చుకున్న సంగతి రిపోర్ట్‌లో ఎక్కడా లేదు, ముక్కతో పాటు పంపిన ఫారం మీద వయసు, పేరు, చేయి అని మాత్రమే రాశారు. ముల్లు సంగతి చెప్పాలా, దానికి ఏమైనా సంబంధం ఉంటుందా?

పాలమూరు పాథాలజిస్ట్:
తప్పకుండా చెప్పాలి! మంచి పని చేశారు అడిగి. ముల్లు, కట్టె పేడు గుచ్చుకున్న చోట నెలల మీద పులిపిరి లాంటి గడ్డ కట్టే ఫంగస్ జబ్బు ఒకటి ఉంది, క్రోమోబ్లాస్టోమైకోసిస్ అంటారు. రైతుల్లో, కూలీల్లో చూస్తుంటాం. ఆ ఫంగస్‌కు చిరాకుపడి పైచర్మం దట్టంగా పెరిగి కిందికి వేళ్లు దించుతుంది, తొందరపడి చూస్తే అచ్చం క్యాన్సర్‌లాగే ఉంటుంది. చర్మానికి వచ్చే టీబీలోనూ ఇదే పని జరుగుతుంది. దీన్ని ఉత్తుత్తి క్యాన్సర్ పెరుగుదల అనుకోండి. పట్టుకోవాలంటే ఆ వేళ్ల మధ్యలో, చీము కణాల గుంపుల్లో, పెద్ద కణాల లోపల, గుండ్రటి గోధుమ రంగు బిళ్లల కోసం వెతకాలి. పాత రాగి పైసలు పేర్చినట్టు ఉంటాయి, కొన్నిటికి నడుమ అడ్డుగోడ కనిపిస్తుంది. మొదటి స్లైడ్‌లో లేకపోతే ఇంకో నాలుగు కోతల్లో దొరకవచ్చు. దొరికితే దానికి ఇట్రాకొనజోల్ లాంటి మందులు నెలల తరబడి వాడాలి, దారే వేరు. "ముల్లు గుచ్చుకుంది" అన్న ఒక్క మాట ఫారంలో ఉంటే నేను ఆ బిళ్లల కోసం ఇంకో అరగంట కూర్చుంటాను.

మీ బాపుది ఆరు వారాల్లో ఇంత పెరిగింది కాబట్టి ఫంగస్ కాకపోవచ్చు, అది చాలా నెమ్మది. అయినా రాయించండి.

హిస్టో టెక్నీషియన్:
మేడం చెప్పినదానికి మా వైపు నుంచి రెండు మాటలు. నేను ముక్కలు కోసి స్లైడ్ చేసేవాణ్ణి. సార్లు, మేడమ్‌లు చూసే స్లైడ్ మంచిగా రావాలంటే పని ఆసుపత్రి గదిలోనే మొదలవుతుంది. ముక్క కోయగానే అది చెడిపోకుండా 10 శాతం ఫార్మలిన్ అనే ద్రవంలో వేయాలి, ముక్క ఎంత ఉంటే దానికి పది రెట్లు ద్రవం పోయాలి. పోయిన మే నెలలో ఒక చోటు నుంచి పుట్టుమచ్చ ముక్క వచ్చింది, మూత తీస్తే ఫార్మలిన్ ఘాటు లేదు. సెలైన్‌లో వేసి పంపారు. ఆ ఎండకు, బస్సులో అంత దూరం వచ్చేసరికి ముక్క మెత్తబడి జారుగా అయిపోయింది. ఎన్ని కోతలు కోసినా, ఎంత జాగ్రత్తగా రంగు వేసినా కణాలు ఉబ్బి కేంద్రకాలు కరిగిపోయి కనిపించాయి. చెప్పలేము అని రాయాల్సి వచ్చింది. ఆ మనిషి శరీరంలో ఆ మచ్చ ఇక లేదు, మళ్లీ తీయడానికి కూడా లేదు. ఇప్పటికీ ఆ సీసా గుర్తొస్తే బాధేస్తుంది.

రెండోది, ముక్కను మైనంలో నిలబెట్టడం. చర్మం పక్కకు తిరిగి పొర పైన పొర కనపడేట్టు నిలబెట్టి 3, 4 మైక్రాన్ల మందంతో కోస్తాం. చిన్న ముక్క ఒరిగిపోతే కోత ఏటవాలుగా పడుతుంది. అప్పుడు పైచర్మం నుంచి మామూలుగా కిందికి దిగే మడతలు తెగిపోయి కింది పొరలో విడి దీవుల్లాగా కనిపిస్తాయి. మంచి చర్మమే, కానీ క్యాన్సర్ లోపలికి పాకినట్టు ఉంటుంది. అనుమానం వస్తే మేడమ్‌లు మమ్మల్ని ఇంకా లోతు కోతలు అడుగుతారు, లేదంటే మైనం కరిగించి మళ్లీ నిలబెట్టమంటారు. అందుకే రిపోర్ట్ రెండు రోజులు ఆలస్యమైతే తిట్టుకోకండి.

నారాయణపేట చెల్లె:
మా అమ్మ ముఖం మీద, మెడ మీద నల్లటి చిన్న చిన్న గింజలు 20 దాకా ఉన్నాయి. వీపు మీద ఒకటి రూపాయి బిళ్లంత ఉంది, మైనం అంటించినట్టు గరుకుగా. ఈ చర్చ చదివి భయమేసింది. అన్నీ పరీక్షకు ఇవ్వాలా?

జడ్చర్ల పీజీ:
అక్కా, ఫొటో చూడకుండా గట్టిగా చెప్పకూడదు కానీ మీరు చెప్పినట్టే ఉంటే అవి సెబోరిక్ కెరటోసిస్ అనే, క్యాన్సర్ కాని గడ్డలు అయి ఉండవచ్చు. బుగ్గల మీద చిన్నగా వచ్చేవి దాని తమ్ముళ్లే, మన లాంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో చాలా మామూలు. స్లైడ్ మీద చూస్తే నాకు చాలా ఇష్టమైన గడ్డ ఇది, ఎందుకంటే అడుగు గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది, గడ్డంతా చర్మం మట్టానికి పైనే ఉంటుంది. లోపల ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రటి కెరటిన్ తిత్తులు. కానీ రుద్దుకునో, గీకో పుండు పడితే అందులో కణాలు సుడులు తిరుగుతాయి, వాపు కణాలు చేరతాయి, అప్పుడు మా బోటి కొత్తవాళ్లం స్క్వామస్ కార్సినోమా అనుకుంటాం. నేను మొదటి సంవత్సరం అట్లాగే రాసి పెడితే మా మేడం 4 రెట్ల లెన్స్ పెట్టి "అడుగు చూడు" అన్నారు, అంతే.

ఉన్నట్టుండి ఒకటి రంగు మారినా, రక్తం కారినా, మిగిలిన వాటికి భిన్నంగా పెరిగినా చూపించండి. ముఖం మీద నల్లగా, నున్నగా మెరుస్తూ నడుమ పుండు పడేది మాత్రం వేరు. మన చర్మంలో బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ చాలాసార్లు నల్లగా వస్తుంది, పుట్టుమచ్చ అనుకుని ఏళ్లు వదిలేస్తారు. దాని స్లైడ్‌లో నీలి కణాల గుంపులు ఉంటాయి, గుంపు అంచున కణాలు కంచె కర్రల్లాగా వరసగా నిలబడతాయి, గుంపుకు చుట్టుపక్కల కండకు నడుమ సన్నటి ఖాళీ చీలిక ఉంటుంది. వెంట్రుక కుదుటి నుంచి వచ్చే ట్రైకోఎపిథీలియోమా అనే మంచి గడ్డలోనూ ఆ కంచె ఉంటుంది, కానీ ఆ చీలిక మామూలుగా ఉండదు, చుట్టూ కండ గుంపుకు అంటుకునే ఉంటుంది.

నారాయణపేట చెల్లె:
థాంక్స్ తమ్ముడూ. అమ్మకు చదివి వినిపించాను. ఇంకొకటి, మా పెద్దమ్మకు చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలు కాలింది. ఆ మచ్చ మీద రెండేళ్లుగా పుండు మానడం లేదు, ఒకసారి ముక్క తీస్తే "కుళ్లిన కణజాలం, వాపు" అని మాత్రమే వచ్చింది. ఇక పర్వాలేదు అనుకోవచ్చా?

పాలమూరు పాథాలజిస్ట్:
అమ్మా, అట్లా అనుకోవద్దు, ఈ వారమే తీసుకెళ్లండి. పాత కాలిన మచ్చల మీద మానని పుండులో స్క్వామస్ క్యాన్సర్ రావచ్చు, దాన్ని మార్జొలిన్ అల్సర్ అంటారు, 1828లో మచ్చల మీది పుండ్ల గురించి రాసిన ఫ్రెంచ్ సర్జన్ పేరు అది. ముక్క పుండు నడుమ నుంచి తీసి ఉంటారు. నడుమ కుళ్లు తప్ప ఏం ఉండదు. అంచు నుంచి, ఉబ్బి గట్టిగా ఉన్న చోట్ల నుంచి, నాలుగైదు చోట్ల లోతుగా తీయాలి. "క్యాన్సర్ కనపడలేదు" అని వస్తే ఆ ముక్కలో కనపడలేదు అని మాత్రమే దాని అర్థం. పుండు ఇంకా మానలేదంటే మళ్లీ తీయమని మీరే అడగాలి, మొహమాటపడొద్దు.

మిర్యాలగూడ మనవడు:
రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మా తాత అరికాలిలో నల్ల మచ్చ ఉండేది. చెప్పులు లేకుండా పొలంలో తిరిగే మనిషి, ఆనెకాయ అనుకున్నాం. ఒక దగ్గర బ్లేడుతో చెక్కి కట్టు కట్టారు, చెక్కిన ముక్క పారేశారు. ఎనిమిది నెలలకు గజ్జల్లో గడ్డ వచ్చింది. హైదరాబాద్‌లో తేలింది, మెలనోమా, చర్మంలోని రంగు కణాలకు వచ్చే క్యాన్సర్ అని. తాత ఆ సంవత్సరం దసరా చూడలేదు. ఆ మొదటి ముక్కను పరీక్షకు పంపి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. మేడం, పుట్టుమచ్చకు దానికి స్లైడ్ మీద తేడా తేలిగ్గా తెలుస్తుందా?

పాలమూరు పాథాలజిస్ట్:
బాబూ, తాతగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మన దేశంలో మెలనోమా తక్కువే, కానీ వచ్చినప్పుడు ఎక్కువగా అరికాలు, అరచేయి, గోరు కింద వస్తుంది, అందుకే ఆనెకాయ అనుకోవడం ఇంత మామూలు అయిపోయింది.

తేడా చాలాసార్లు స్పష్టంగా తెలుస్తుంది. మంచి పుట్టుమచ్చలో ఎడమ సగం, కుడి సగం ఒకే పోలికలో ఉంటాయి, రంగు కణాలు చిన్న చిన్న గూళ్లు కట్టుకుని ఉంటాయి, లోతుకు పోయేకొద్దీ ఆ కణాలు చిన్నవై, రంగు తగ్గి, సద్దుమణిగిపోతాయి. దీన్ని పరిణతి అంటాం. మెలనోమాలో ఆ సద్దుమణగడం ఉండదు, అడుగున కూడా పైన ఉన్నంత పెద్ద కణాలే, అక్కడ కూడా విభజన. పైపొరలోకి రంగు కణాలు ఒక్కొక్కటిగా ఎక్కి విత్తనాలు చల్లినట్టు చెదిరిపోతాయి. చిక్కు ఏమిటంటే అరికాలి మంచి పుట్టుమచ్చలో కూడా నడుమ కొన్ని కణాలు అట్లా పైకెక్కుతాయి. కాబట్టి అక్కడి ముక్కను అరికాలి గీతలకు అడ్డంగా కోయాలి, ఆ కణాలు గీతల కింద వరసలోనే ఉన్నాయా, గట్టు దాటి అంచుల దాకా పాకాయా అన్నది అప్పుడే కనపడుతుంది.

మరీ నల్లగా ఉంటే కణాలే కనపడవు, తారు పూసినట్టు ఉంటుంది. అప్పుడు పొటాషియం పర్మాంగనేట్, ఆక్సాలిక్ ఆమ్లంతో రంగు తీసేసి చూస్తాం. ఇంకా తేలకపోతే ఎస్ఓఎక్స్10, హెచ్‌ఎంబీ45, కేఐ67 లాంటి ప్రత్యేక రంగులు. మెలనోమా అని తేలాక లోతు కొలుస్తాం, పైచర్మంలోని గింజల పొర నుంచి అట్టడుగు క్యాన్సర్ కణం వరకు ఎన్ని మిల్లీమీటర్లు అని. అమెరికాలో బ్రెస్లో అనే పాథాలజిస్ట్ 1970లో చెప్పిన కొలత అది, ఇప్పటికీ అదే ముఖ్యం. పైపైన బ్లేడుతో చెక్కితే ఆ కొలత ఎప్పటికీ దొరకదు. అరికాలి నల్లమచ్చను ఎవరు చెక్కినా, ఆ చెక్కింది సీసాలో వేయమని అడగండి.

జడ్చర్ల పీజీ:
మేడం, వయసు గురించి కూడా చెప్పండి. 1948లో సోఫీ స్పిట్జ్ అనే ఆమె పిల్లల్లో వచ్చే ఒక గడ్డ మెలనోమాలాగే కనపడుతుంది కానీ ప్రాణం తీయదు అని గమనించారు, ఇప్పుడు దాన్ని స్పిట్జ్ నీవస్ అంటున్నాం. అదే స్లైడ్ 6 ఏళ్ల పాపది అయితే ఒక మాట, 60 ఏళ్ల మనిషిది అయితే ఇంకో మాట రాస్తాం. ఫారంలో వయసు కాలమ్ ఖాళీగా వస్తే చేతులు కట్టేసినట్టు ఉంటుంది.

దేవరకొండ వాసి:
ఇంకో డాక్టర్‌కు చూపించాలంటే మళ్లీ కోయాలా?

హిస్టో టెక్నీషియన్:
అక్కర్లేదు అన్నా. మైనం దిమ్మ ల్యాబ్‌లో భద్రంగా ఉంటుంది. దిమ్మ, స్లైడ్లు, రిపోర్ట్ కాపీ అడిగి తీసుకుని హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, నిమ్స్ ఆసుపత్రిలోనో ఇవ్వొచ్చు, వాళ్లు దాంట్లోనే కొత్త కోతలు కోసుకుంటారు. సంతకం పెట్టి తీసుకోవాలి, పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. ఎండలో బండి డిక్కీలో మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది.

గుర్రంపోడు బత్తాయి తోట:
మూడు వారాలైంది, చెప్పాల్సింది చెప్తాను. హైదరాబాద్‌లో మొత్తం తీసేశారు, ఆరోగ్యశ్రీలోనే అయింది. ఫారం మీద ముల్లు సంగతి, ఆరు వారాల సంగతి, ముందు తీసిన ముక్క నంబరు, అన్నీ నేనే పక్కన నిలబడి రాయించాను. రిపోర్ట్ నిన్న వచ్చింది. స్క్వామస్ సెల్ కార్సినోమా, బాగా పరిణతి చెందిన రకం. గడ్డ 1.6 సెంటీమీటర్లు. ఒక మూల అడుగున కణాలు కింది పొరలోకి చీలి దిగాయట. నరాల చుట్టూ లేదు. పక్కల 4 మిల్లీమీటర్లు, అడుగున 3 మిల్లీమీటర్లు మంచి కండ ఉంది. ఫంగస్ కోసం ప్రత్యేక రంగు వేసి చూశారు, లేదు. క్యాన్సర్ అన్న మాట చదవగానే కాళ్లు చల్లబడ్డాయి. తర్వాత మేడం మాటలు గుర్తు తెచ్చుకుని అడుగు, అంచు ఏం రాశారో చూశాను.

పాలమూరు పాథాలజిస్ట్:
మంచి రిపోర్ట్ తమ్ముడూ. ఆ ఒక్క మూల చూడండి, పైపైన చెక్కిన ముక్కలో అది ఎప్పటికీ దొరికేది కాదు. పూర్తిగా బయటికి వచ్చేసింది, అంచులు శుభ్రంగా ఉన్నాయి. అయినా వాళ్లు రమ్మన్న తేదీలకు వెళ్లండి, వెళ్లినప్పుడల్లా కుడి చంకలో గడ్డలు ఏమైనా ఉన్నాయేమో చూడమని అడగండి, మరో చేయి, ముఖం, చెవులు కూడా. ఎండలో పని కాబట్టి నిండు చేతుల చొక్కా, తలకు తువ్వాలు తప్పనిసరి.

గుర్రంపోడు బత్తాయి తోట:
మూడు నెలలకు రమ్మన్నారు మేడం. కుట్లు విప్పిన రోజే తోటకు పోతానంటే అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది, పది రోజులు ఆగాడు. ఈ రోజు పొద్దున నా పాత ఫుల్‌చేతుల చొక్కా వేసుకుని, చేతికి గుడ్డ చుట్టుకుని పోయాడు. రెండు రిపోర్ట్‌లు, దిమ్మ నంబరు పట్టాదారు పాసుపుస్తకం ఉన్న కవర్లోనే పెట్టాను. మిర్యాలగూడ అన్నా, మీ తాత గురించి మా బాపుకు చదివి వినిపించాను. సాయంత్రం కూలీలందరి అరికాళ్లు చూపించమని అడిగాడట. ఒకామె కాలికి నల్ల మచ్చ ఉంది, సోమవారం నేనే బండి మీద నల్లగొండ తీసుకెళ్తున్నాను.